కరెంటు ఉచితమే... బోరులో నీళ్లకే లెక్క ఉంది

యాసంగి నాట్లు దగ్గరికి వస్తున్నాయంటే రైతు ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. విత్తనానికి ఎంత, దున్నకానికి ఎంత, ఎరువు బస్తాలకు ఎంత, నాటు కైకిలికి ఎంత అని వేళ్ల మీద లెక్క కడతారు. ఒక్క నీళ్ల లెక్క మాత్రం ఎవరూ కట్టరు. కారణం అందరికీ తెలిసిందే. మోటరుకు బిల్లు రాదు. బిల్లు రాని దానికి లెక్క ఎందుకని అనుకుంటాం. మార్చి నెలలో వరి పొట్టకొచ్చిన సమయాన బోరు ఆగి ఆగి పోస్తుంటే అప్పుడు తెలిసివస్తుంది, లెక్క వేయని ఖర్చే అన్నిటికన్నా పెద్దదని.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో విడిపోయి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలయ్యాయి. జిల్లాలు ఎన్నయినా బాయి మీద బతికే చిన్న రైతు బాధ ఒక్కటే. కరెంటుకు ఒక శాఖ, భూగర్భ జలానికి ఒక శాఖ, కాల్వలకు ఇంకో శాఖ, సోలారుకు మరో సంస్థ ఉన్నాయి. ఎవరి పథకాలు వాళ్లవి. కానీ ఇవన్నీ వచ్చి కలిసేది మన పొలంలోని స్టార్టరు డబ్బా దగ్గరే. అందుకే ఏ పథకం ఏమిస్తుంది, ఏం ఇవ్వదు అనేది రైతు తానే కలిపి చూసుకోవాలి. ఎకరం, రెండెకరాలు ఉన్న రైతుకు ఇది మరీ అవసరం. ఒక్క బోరు ఎండితే తట్టుకునే శక్తి అతనికి ఉండదు.

మీటరు పోయింది, స్లాబు వచ్చింది, అదీ పోయింది

ముందు కొంచెం వెనక్కి చూద్దాం. మోట కొట్టిన రోజుల్లో ఎడ్లు అలసిపోతే నీళ్లు తోడుడు ఆగేది. బాయికి అదే కాపలా. కరెంటు మోటర్లు వచ్చాక మొదట్లో మీటరు ఉండేది, తిరిగిన యూనిట్లకు డబ్బు కట్టేవారు. ఊళ్లకు కరెంటు తేవడానికి సిరిసిల్ల ప్రాంతంలో 1970లో సహకార విద్యుత్ సరఫరా సంఘం ఏర్పడింది. అదే మనం 'సెస్' అని పిలుచుకునేది. దేశంలో మొదట పెట్టిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి.

1982లో మీటరు లెక్క తీసేసి, మోటరు హెచ్‌పీని బట్టి స్లాబు పెట్టారు. 1983లో వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయలు చేసింది. ఆ తర్వాత చార్జీలు పెరుగుతూ వచ్చాయి. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళనపై పోలీసు కాల్పులు జరిగాయి. 2004 మే నెలలో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం చేశారు. అప్పుడు ఇచ్చింది రోజుకు 7 గంటలు. తెలంగాణ వచ్చాక 2016లో 9 గంటలు చేశారు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలోని దాదాపు 23 లక్షల వ్యవసాయ మోటర్లకు 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది.

దీని వల్ల చిన్న రైతుకు మేలు జరగలేదని ఎవరూ అనలేరు. రాత్రిపూట పొలం కాడికి పోయి పాములకు, కరెంటు షాకుకు బలయ్యే బాధ తగ్గింది. ట్రాన్స్‌ఫార్మరు కాలితే మోయాల్సిన ఖర్చు తగ్గింది. కానీ ఒక మాట గమనించాలి. ఏ ప్రభుత్వమైనా ఉచితంగా ఇచ్చింది కరెంటునే. నీళ్లను ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా. మన కింద ఉన్న నీళ్లను ఇచ్చేది వాన, చెరువు, కాల్వ మాత్రమే.

ఎకరం వరి ఎన్ని ఎకరాల వానను తాగుతుంది?

ఇప్పుడు ఆ వేయని లెక్క వేద్దాం. పలక, బలపం ఉంటే చాలు.

ఎకరం పొలంలో ఒక్క మిల్లీమీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే అవి సుమారు 4 వేల లీటర్లు. యాసంగి వరికి నారు నుంచి కోత దాకా మొత్తం కలిపి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడుతున్నామనుకుందాం. అంటే ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు.

మరి భూమిలోకి దిగేది ఎంత? కరీంనగర్ వైపు ఎక్కువ భాగం నల్లరాయి, గ్రానైటు నేల. పైన చల్క, దాని కింద మొరం, దాని కింద గట్టి బండ. నీళ్లు నిలిచేది ఆ మొరంలో, బండ పగుళ్లలో మాత్రమే. ఇలాంటి నేలలో పడ్డ వానలో సుమారు పదో వంతు కిందికి ఇంకుతుందని లెక్క. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే 90 మిల్లీమీటర్లు ఇంకుతాయి. ఎకరానికి 3 లక్షల 60 వేల లీటర్లు. మిగతాది ఒర్రెల్లో, వాగుల్లో పోతుంది, లేదా ఆవిరవుతుంది.

వరికి పెట్టిన నీళ్లలో 40 శాతం మళ్లీ కిందికే ఇంకుతుందని ఒప్పుకుందాం. అప్పుడు కూడా ఎకరం వరికి అసలు ఖర్చు 29 లక్షల లీటర్లకు దగ్గర. దాన్ని 3 లక్షల 60 వేలతో భాగిస్తే 8 వస్తుంది. అంటే బోరు మీద ఎకరం యాసంగి వరి పండాలంటే ఎనిమిది ఎకరాల మీద పడ్డ వాన నుంచి ఇంకిన నీళ్లు కావాలి! ఊళ్లో అందరూ బోర్ల కిందనే వరి వేస్తే ఒకరి వాటా ఒకరు తోడుకోవడం తప్ప వేరే దారి లేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. బండల్లో దాగిన నీళ్లు కరగవా?

చెరువు కింద, కాల్వ కింద ఉన్న బావులకు ఈ లెక్క వేరే. అక్కడ చెరువు ఊట, కాల్వ ఊట కలుస్తుంది. పోచంపాడు నుంచి వచ్చే కాకతీయ కాల్వ పారిన రోజుల్లో చుట్టుపక్కల బావులు నిండుగా ఉండటం మీకు అనుభవమే. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల కింద కూడా బోర్లు ఊరాయంటే కారణం ఇదే.

మీ బోరు ఎంత పోస్తుంది? డ్రమ్ముతో చూసుకోండి

200 లీటర్ల డ్రమ్ము ఒకటి తెచ్చి డెలివరీ పైపు కింద పెట్టండి. గడియారం చూస్తూ ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకోండి. మోటరు వేసిన అర్ధగంట తర్వాత చూడాలి. వేయగానే వచ్చే నీళ్లు బోరులో నిలిచినవి, అవి నమ్మకానికి పనికిరావు.

డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18 వేల లీటర్లు. 48 లక్షల లీటర్లు రావాలంటే మోటరు 267 గంటలు నడవాలి. 5 హెచ్‌పీ మోటరు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తింటుంది. అంటే ఎకరం వరికి 1,200 యూనిట్లు. అదే మక్కకు 500 మిల్లీమీటర్ల నీళ్లు సరిపోతాయనుకుంటే 20 లక్షల లీటర్లు, 111 గంటలు, 500 యూనిట్లు. సగానికన్నా తక్కువ.

నీళ్లు లోతుకు పోయినకొద్దీ అదే యూనిట్‌కు వచ్చే నీళ్లు తగ్గుతాయి. 30 మీటర్ల నుంచి తోడేవాళ్లు 60 మీటర్ల నుంచి తోడాల్సి వస్తే, అంతే కరెంటుకు సుమారుగా సగం నీళ్లే వస్తాయి. అందుకే నీళ్లు కాపాడటం, కరెంటు కాపాడటం రెండు పనులు కావు. ఒక్కటే పని.

డిసెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి ఈ డ్రమ్ము పరీక్ష చేసి గోడ మీద రాసిపెట్టుకోండి. నిరుటి అంకెతో ఈ యేటి అంకె పోల్చుకుంటే ఎన్ని గుంటలు నాటు వేయవచ్చో బోరే చెబుతుంది.

ముందు ఎండేది ఎవరి బోరు?

నీళ్లు తగ్గినప్పుడు అందరి బోర్లు ఒక్కసారే ఎండవు. లోతు తక్కువ ఉన్నవి ముందు ఎండుతాయి. లోతు తక్కువ ఎవరిది? పైసలు తక్కువ ఉన్న రైతుది. పక్క ఆసామి 400 అడుగులు వేయిస్తే మన 200 అడుగుల బోరు కింద నీళ్లు అటు పోతాయి. ఆయన పక్కన ఇంకొకాయన 600 వేయిస్తాడు. తాడిని తన్నేవాడుంటే వాని తల తన్నేవాడుంటాడన్నట్టు ఈ పోటీకి అంతు లేదు. అప్పు తెచ్చి రెండో బోరు, మూడో బోరు వేయించి, అవి పడక కుప్పకూలిన కుటుంబాలు మన రెండు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

దీన్ని ఆపడానికే 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే 'వాల్టా' అంటున్నాం. ఈ చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. బోరు బండ్లు కూడా నమోదై ఉండాలి. ఊరి మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపల వేరే బోరు వేయరాదు. సాగు బోర్లకు కూడా ఒకదానికొకటి దూరం ఉండాలి. చట్టం మంచిదే. కానీ ఊళ్లో రాత్రికి రాత్రి బోరు బండి వచ్చి తెల్లారేసరికి పోతుంటే అడిగేవాళ్లు తక్కువ. చాలామంది రైతులు ఈ చట్టాన్ని తమ మీద ఆంక్ష అనుకుంటారు. నిజానికి చిన్న రైతు బోరుకు కంచె లాంటిది ఇదే. మీ బోరుకు ఆనుకుని ఇంకో బోరు పడబోతుంటే తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.

భూగర్భ జల శాఖ వాళ్లు పరిశీలన బోర్లలో నెలనెలా నీటి మట్టం కొలుస్తారు. ఏటా ఇంకే నీళ్లలో 70 శాతం వరకు తోడితే ఆ ప్రాంతం 'సురక్షితం'. 70 నుంచి 90 దాకా ఒక మెట్టు, 90 నుంచి 100 దాకా ఇంకో మెట్టు ప్రమాదం. 100 దాటితే 'అతిగా తోడిన ప్రాంతం'. మీ మండలం ఏ వరుసలో ఉందో తెలుసుకోకుండా కొత్త బోరుకు అప్పు చేయకండి.

కాల్వ నీళ్లు కూడా కరెంటు నీళ్లే

"మాకు బోరుతో పనిలేదు, కాల్వ ఉంది" అనే రైతులు కూడా ఈ లెక్క వినాలి. పోచంపాడు, కడెం ప్రాజెక్టుల నీళ్లు వాలు మీద వాటంతట అవే పారతాయి. 1963లో పండిట్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు అలాంటిదే. ఎత్తిపోతల పథకాలు అలా కావు. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరంలో నీళ్లు మెట్టు మెట్టుగా మోటర్లతో పైకి రావాలి. రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర భూమి లోపల కట్టిన పంపుహౌజులో ఒక్కో మోటరు 139 మెగావాట్లది. మన 5 హెచ్‌పీ మోటర్లు 37 వేలకు పైగా కలిస్తే ఎంతో, ఆ ఒక్క మోటరు అంత!

మధ్యమానేరు నిండిన తర్వాత సిరిసిల్ల వైపు బావుల్లో నీళ్లు పైకి వచ్చిన మాట నిజం. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజు పియర్లు కుంగాక అక్కడి నుంచి ఎత్తిపోసుడు ఆగిన మాటా నిజమే. ఎత్తిపోసే నీళ్ల మీద ఆధారపడితే మోటరు, కరెంటు, బరాజు, పైన పడే వాన అన్నీ సరిగ్గా ఉండాలి. ఒక్కటి తప్పినా ఆ యాసంగికి మన బోరే దిక్కు. కాబట్టి కాల్వ కింద ఉన్నవాళ్లు కూడా కాల్వ పారిన రోజుల్లో మోటరు ఆపి బోరును ఊరనివ్వాలి. కాల్వ నీళ్లు తడిపిన నేల కిందనే రేపటి బోరు నీళ్లు ఉంటాయి.

సోలారు మోటరు తీసుకునే ముందు

ఇక సూర్యుడి కరెంటు సంగతి. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద నీళ్లపై తేలే సోలారు పలకలు పరిచారు. 100 మెగావాట్ల ఆ కేంద్రం 2022 జూలై 1 నుంచి పూర్తిగా పనిచేయడం మొదలుపెట్టింది. సుమారు 500 ఎకరాల మేర నీళ్ల మీద పలకలు ఉండటం వల్ల ఏటా 32 లక్షల 50 వేల ఘనపు మీటర్ల నీళ్లు ఆవిరి కాకుండా మిగులుతాయని అంచనా. మన లెక్కలో అది దాదాపు 670 ఎకరాల వరికి పెట్టే నీళ్లు. కరెంటు చేస్తూ నీళ్లను కూడా కాపాడవచ్చని ఇది చూపిస్తుంది.

పొలంలో సోలారుకు కేంద్ర ప్రభుత్వం 2019లో 'పీఎం కుసుమ్' పథకం తెచ్చింది. దీంట్లో మూడు భాగాలున్నాయి. ఇవి కలగాపులగం చేసి దళారులు రైతులను మోసం చేస్తున్నారు గనుక విడివిడిగా తెలుసుకోవాలి.

మొదటిది 'ఎ' భాగం. పడావు పడ్డ భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సోలారు కేంద్రం పెట్టి కరెంటును డిస్కంకు అమ్మడం. సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపల భూమి ఉండాలి. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. మన రాష్ట్రంలో యూనిట్‌కు 3 రూపాయల 13 పైసల ధర ఖరారు చేశారు. ఒప్పందం 25 ఏళ్లు. పెట్టుబడి కోట్లలో ఉంటుంది కాబట్టి ఎకరం, రెండెకరాల రైతు ఒంటరిగా చేసే పని కాదు. రైతు సంఘాలు, సహకార సంఘాలు, నీటి వినియోగదారుల సంఘాలు చేయవచ్చు. పెట్టుబడిదారుకు భూమి కౌలుకు కూడా ఇవ్వవచ్చు. కౌలుకు ఇస్తే కౌలు ఎప్పుడెప్పుడు పెరుగుతుంది, కట్టకపోతే ఏమిటి, గడువు ముగిశాక పలకలు, ఇనుప స్తంభాలు ఎవరు తీస్తారు అనేవి కాగితం మీద ఉండాలి. 25 ఏళ్లంటే ఒక తరం.

రెండోది 'బి' భాగం. కరెంటు లైను లేని చోట 7.5 హెచ్‌పీ దాకా సోలారు మోటరు. ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగతా 40 శాతం రైతు వాటా. ఆ వాటాలో కొంత బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చు. లైను ఉండి, బిల్లు లేని చోట 40 శాతం పెట్టి దీన్ని కొనడం దండుగ. లైను రాని చోటే దీనికి అర్థం ఉంది.

మూడోది 'సి' భాగం. ఇప్పటికే కరెంటు ఉన్న మోటర్లను, లేదా మొత్తం వ్యవసాయ ఫీడరును సోలారుతో నడపడం. దీంట్లో అసలు కిటుకు ఉంది. సోలారు పలకలకు రోజంతా ఖర్చు లేదు. ఎండ ఉన్నంతసేపు మోటరు ఊరికే తిరుగుతుంది. ఉచిత కరెంటుతో వచ్చిన చిక్కే సోలారుతోనూ వస్తుంది. కానీ మిగిలిన కరెంటును అమ్ముకునే దారి ఉంటే రైతుకు మోటరు ఆపడానికి ఒక కారణం దొరుకుతుంది. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి గ్రామంలో ఆరుగురు రైతులు సహకార సంఘంగా ఏర్పడి 2016 నుంచి తమ సోలారు మోటర్ల మిగులు కరెంటును డిస్కంకు అమ్మారు. అనవసరంగా తోడిన ప్రతి గంట వాళ్ల జేబుకు నష్టమే. నీళ్లు పొదుపు చేసినవాడికి డబ్బు రావడం అంటే ఇది. మన దగ్గర కూడా సోలారు ఇచ్చేటప్పుడు ఇలాంటి ఏర్పాటు అడగాల్సిన అవసరం ఉంది.

మరో హెచ్చరిక. కుసుమ్ పేరుతో దొంగ వెబ్‌సైట్లు, ఫోన్లు ఎక్కువయ్యాయని కేంద్ర సంప్రదాయేతర ఇంధన శాఖే పలుమార్లు ప్రకటించింది. "రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, మోటరు మంజూరైంది" అంటే నమ్మకండి. పాసు పుస్తకం నకలు, ఆధార్ నంబరు ఎవరికంటే వాళ్లకు ఇవ్వకండి. రెడ్కో జిల్లా కార్యాలయంలో గాని, మీ విద్యుత్ ఏఈ దగ్గర గాని అడిగి ముందుకు పోవాలి.

అడవి పట్టాల రైతులకు

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీ గూడేల్లో సంగతి వేరు. అక్కడ కరెంటు లైను అందని చేన్లు ఉన్నాయి, వాన మీదనే పత్తి, జొన్న, కంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినా నీళ్లు రాలేదు. వీళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో 'ఇందిర సౌర గిరి జల వికాసం' ప్రారంభించింది. అయిదేళ్లలో 12,600 కోట్ల రూపాయలతో 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతుల 6 లక్షల ఎకరాలకు నీళ్లు ఇవ్వాలన్నది లక్ష్యం. బోరు, సోలారు మోటరు ఖర్చు పూర్తిగా ప్రభుత్వానిదే. రెండున్నర ఎకరాల కన్నా తక్కువ ఉన్నవాళ్లు పక్క రైతులతో గుంపుగా కలిసి తీసుకోవాలి.

పథకం మంచిది. అయితే ఆదిలాబాద్ పడమటి వైపు నల్లరేగడి కింద ఉన్నది నల్ల బసాల్టు రాయి. పొరలు పొరలుగా ఉంటుంది, ఒక పొరలో నీళ్లుంటే కింద పొరలో ఉండకపోవచ్చు. భూగర్భ జల శాఖ సర్వే చేశాకే బోరు పాయింటు పెట్టించుకోండి. నీళ్లు పడ్డాక వరి జోలికి పోకుండా కూరగాయలు, పండ్ల మొక్కలు, ఆరుతడి పంటలు పెట్టుకుంటేనే గుంపులో అందరికీ అందుతాయి. ఎవరి వంతు ఏ రోజు, మోటరు చెడితే ఖర్చు ఎవరిది అన్నది మొదటి రోజే పంచాయితీలో రాసుకోవాలి.

వరే ఎందుకు వేస్తున్నాం?

నీళ్ల లెక్క చెప్పి "వరి మానండి" అంటే రైతు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. వడ్లకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, మద్దతు ధర ఉంది. మక్కలకు, పల్లికి, నువ్వులకు ఆ భరోసా ప్రతి ఏడూ ఉండదు. ఆరుతడి వేస్తే కోతులు, అడవిపందులు బతకనివ్వవు. 2021-22 యాసంగిలో వడ్లు కొనబోమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పినప్పుడు రైతులు ఎంత తిప్పలు పడ్డారో మరిచిపోలేదు. ఒక చేత్తో ఉచిత కరెంటు, ఇంకో చేత్తో వడ్ల కొనుగోలు ఇచ్చి, నీళ్లు పొదుపు చేయమంటే అది రైతు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఆరుతడి పంటలకు కొనుగోలు భరోసా, కోతుల బెడదకు పరిష్కారం కూడా నీటి విధానంలో భాగమే. గ్రామసభలో, రైతు వేదికలో ఈ మాట గట్టిగా అడగాలి.

అడుగుతూనే మనం చేయగలిగింది చేయాలి. 2003 నుంచి కొన్నేళ్లు అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో 'ఆంధ్రప్రదేశ్ రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జల నిర్వహణ' కార్యక్రమం నడిచింది. అక్కడ రైతులే వాన కొలిచారు, బోరు మట్టాలు కొలిచారు, గోడ మీద రాశారు, యాసంగికి ముందు ఊరంతా కూర్చొని ఉన్న నీళ్లు ఎన్ని, వేసే పంటలకు కావలసినవి ఎన్ని అని లెక్క చూశారు. ఎవరినీ బలవంతం చేయలేదు. లెక్క కళ్ల ముందు ఉంటే చాలామంది తామే పంట మార్చుకున్నారు. వాళ్లు చేసిన పని మన ఊళ్లో చేయలేమా?

ఈ యాసంగికి చేయవలసినవి

* డ్రమ్ము పరీక్ష చేసి, ఫిబ్రవరి, మార్చిలో బోరు ఇవ్వగలిగినంతే నాటు వేయండి. రెండెకరాలు వేసి ఎకరం ఎండబెట్టుకునే కన్నా ఎకరం వరి, ఎకరం ఆరుతడి మేలు.

* వరికి తడి-పొడి పద్ధతి పాటించండి. అడుగు పొడవు పీవీసీ గొట్టానికి కింది భాగం అంతా చిల్లులు వేసి, ముప్పావు అడుగు లోపు మడిలో పాతి, లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీళ్లు నేల మట్టానికి అరడుగు కిందికి దిగాకనే మళ్లీ తడి ఇవ్వండి. నాటిన రెండు వారాలు, పూత దశలో మాత్రం పలుచగా నీళ్లు నిలిపి ఉంచాలి. 30 శాతం దాకా నీళ్లు మిగులుతాయి. చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు.

* ఆటో స్టార్టర్లు తీసేయండి. కరెంటు రాగానే ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారే తిరిగితే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది, రాత్రంతా నీళ్లు గెట్టు దాటి పోతాయి.

* కెపాసిటరు బిగించుకోండి. 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్, 5 హెచ్‌పీకి 2, 7.5 హెచ్‌పీకి 3 కేవీఏఆర్ సరిపోతుంది. లైను మీద బరువు తగ్గి ఓల్టేజి నిలుస్తుంది, మోటరు వైండింగు కాలడం తగ్గుతుంది. బిగించే ముందు కరెంటు ఆపించండి, లైన్‌మన్ చేతనే చేయించండి.

* మోటరు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, స్టార్ల గుర్తు చూడండి. బోరు లోతుకు తగిన హెడ్ ఉన్న మోటరే తీసుకోవాలి. అవసరానికి మించిన హెచ్‌పీ వేస్తే బోరు తొందరగా ఆగుతుంది, నీళ్లు పెరగవు.

* వానకాలంలో ఒర్రె నీళ్లను బోరు చుట్టూ తవ్విన ఇంకుడు గుంతలోకి మళ్లించండి. గుంతలో రాళ్లు, కంకర, ఇసుక వరుసగా నింపాలి. మురికినీళ్లు, మందు డబ్బాలు కడిగిన నీళ్లు అటు పోనివ్వకండి.

* డ్రిప్పుకు రాయితీ కోటా ఏటా బడ్జెట్‌ను బట్టి ఉంటుంది. కూరగాయలు, పసుపు, మామిడి వేసేవారు సీజనుకు ముందే ఉద్యాన శాఖలో దరఖాస్తు పెట్టుకోవాలి.

కరెంటు తీగ తెగినా, ఓల్టేజి పడిపోయినా 1912కు ఫోన్ చేయవచ్చు. నీటి మట్టం వివరాలకు జిల్లా భూగర్భ జల శాఖ కార్యాలయాన్ని, పంట మార్పిడికి మీ క్లస్టరు వ్యవసాయ విస్తరణ అధికారిని, సోలారుకు రెడ్కోను, ఏజెన్సీ రైతులైతే ఉట్నూరు ఐటీడీఏను సంప్రదించండి. నాట్లు పడ్డాక అడిగితే ఎవరూ చేసేది ఏమీ ఉండదు. నారు పోసే ముందే అడగాలి.